ఓడ అడుగు ఎరిగినవాడు

హోర్న్ రేవులో ఓడను పక్కకి ఒరిగించారు.
నా పని గుల్లలు గీకడం.
పలకకి ఇంతని కూలి.
మోకాళ్ళు బురదలో, మెడ ఆకాశానికి.

మూడోనాడు ఒకాయన వచ్చాడు, ట్యార్డ్ అట పేరు.
పలకరింపు లేదు.
ఓడ పొట్టకి అరచెయ్యి ఆనించి
గొడ్డుని బేరమాడేవాడిలా తడుముకుంటూ నడిచాడు.
"ఇక్కడివి నయం," అన్నాడు,
"వెన్నుదూలం దగ్గరివే పదును."

నాకు అందడానికి కాస్త సేపు పట్టింది.

అంతకుముందు విన్నదే:
కళాసీలందర్నీ పైన వరసగా నిలబెట్టి
ఈ పక్క దించి ఆ పక్క తేలుస్తారని,
కాళ్ళకి సీసం, నోట్లో నూనెగుడ్డ,
మూడుసార్లు,
మధ్యమధ్య ఊపిరి తీసుకోనిస్తారని.
దయ అంటే అదేనట.

ఏం చేశావని నేనడగలేదు. తనే చెప్పాడు:
"బఠానీల్లో పురుగులున్నాయన్నాను.
కొంచెం గట్టిగా అన్నాను."

ఎండ మాడుతున్నా చొక్కా విప్పలేదు.
ఈ ఓడ కట్టిన వడ్రంగి కూడా
దీని అడుగుని అంత దగ్గరగా చూసి ఉండడు.

పోతూ పోతూ నా గీకుడుకత్తి అడిగాడు.
ఒక్క పలక,
లోపలి చెక్క రంగు బయటపడేదాకా,
గోటికి కూడా ఏమీ తగలకుండా గీకాడు.
కత్తి తుడిచి, పిడి నా వైపు తిప్పి ఇచ్చాడు.

సాయంత్రం మేస్త్రీ పలకలు లెక్కపెట్టి
దాని కూలీ నాకే వేశాడు.
వద్దనలేకపోయాను.
ఇంట్లో తినేవాళ్ళం నలుగురం.