మడమ కింద చెక్క

పాలకొల్లు లాకుల దగ్గర
మేత గోదాం మీది జిమ్ములో
మొదటిరోజు నా బూట్లు చూసి
గంగరాజు మాస్టారు నవ్వలేదు.
వంగి, మడమ దగ్గర బొటనవేలితో నొక్కాడు.
వేలు లోపలికి దిగిపోయింది.
"పరుగుకైతే బంగారం లాంటివి, దీవెనా.
బరువుకి మాత్రం
పరుపు మీద నిలబడి బిందె ఎత్తినట్టే."

పన్నెండొందలు పోసి కొన్నాను వాటిని,
భీమవరంలో, గులాబీ తాళ్లు చూసి.
ఎన్ని కిలోల రొయ్యల తలలు తీస్తే పన్నెండొందలో
నా గోళ్లకి తెలుసు.
ఒప్పుకోబుద్ధి కాలేదు.
యాభై కిలోలతో కూచున్నాను.
లేస్తుంటే ఎడం మడమ పక్కకి ఒరిగింది,
పైన ఆరినట్టుండి అడుగున జారే
కోతల తర్వాతి చేను మట్టిలా.

ఆ జారుడు కొత్తేం కాదు.
మా వైపు గట్టి నేలంటే
ఎవరో కంకర తోలించి పోయించుకున్నదే.
మిగతాదంతా గోదారి మోసుకొచ్చి దింపిన ఒండ్రు,
ఏ అడుగునీ మొదటిసారే నమ్మకూడదు.
అమ్మ ఊడ్పుల్లో వేళ్లు విప్పి నిలబడుద్ది, బాతులాగా.
నాన్న చెరువు గట్టు మీద నల్ల గంబూట్లలో,
నేను షెడ్డులో, ఐసునీళ్లలో, తెల్ల గంబూట్లలో.
ఇన్నాళ్లూ మా ఇంట్లో
తడి కోసమే చెప్పులు కొన్నాం.
బరువు కోసం కొనడం ఎలాగో
అడగడానికి ఎవరున్నారు?

మర్నాడు వట్టి కాళ్లతో ఎత్తాను.
డెడ్‌లిఫ్ట్ హాయిగా లేచింది.
బండ చల్లగా, పాదం మొత్తానికీ తగుల్తూ.
స్క్వాట్ దగ్గరే పేచీ.
ఆరో క్లాసులో సైకిల్‌తో సహా బోదెలో పడ్డ చీలమండ
సగం దాకా వంగి
ఇక నా వల్ల కాదంటుంది.

ఇంటికొచ్చి అమ్మని కూచోమన్నాను.
కూచుంది.
మడమలు నేలకంటించి, మోకాళ్ల మధ్య చేట పెట్టుకుని
బియ్యంలో రాళ్లు ఏరుతూ అంది:
"ఇందులో ఏటుందే?"
ఏం లేదు.
ఆవిడకి బూటు అక్కర్లేదు.

మాస్టారు ఫోనులో చూపించినవి ఎనిమిది వేలు.
ఫోను తిరిగిచ్చేశాను.
బడిపిల్లల తెల్ల క్యాన్వాసు బూట్లు
ఒక సైజు పెద్దవి తీసుకున్నాను, వేళ్లు విచ్చుకోడానికి,
రైల్వే గేటు పక్క ఏసోబు తాత ముందు పెట్టాను.
"మడమ కింద చెక్క కావాలి."
"ఎంత మందం?"
"అగ్గిపెట్టంత."
"ఫొటోలో పొడుగు కనపడాలా?"
చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు.
పడవల వడ్రంగి ఇచ్చిన నల్లతుమ్మ ముక్క
రెండుగా కోసి, అరగదీసి, అంటించి, మేకులు దింపి
సుత్తితో ఒక్కటిచ్చాడు.
"ఇది కుంగదు. కుంగితే నువ్వే కుంగాలి."

అవి నడకకి పనికిరావు.
మెట్ల మీద మేకపిల్లలా చప్పుడు.
సంచిలో తీసుకెళ్లి గుమ్మం లోపల తొడుక్కుంటాను,
ఉమ్మెత్తుగా కాళ్లు చాపి, తాళ్లు బిగించి,
ముందు ఖాళీ బారుతో కూచుంటాను.
తర్వాత ప్లేట్లు.
నిన్న అరవై ఐదు.
నా కింద ఏదీ కదల్లేదు.
అదేమిటో, కాసేపు భయమేసింది.

గులాబీ తాళ్ల బూట్లు నాన్న తీసుకున్నాడు.
రాత్రిపూట ఏరియేటర్లు చూడ్డానికి
మెత్తటి గట్టు మీద మెత్తగా తిరుగుతున్నాడు,
సైజు చాలక
మడమలు తొక్కేసి.