గళ్ళ లెక్క

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో
పాతబట్టల గుట్టలోంచి
నూట ఇరవైకి బేరం మొదలెట్టి తొంభైకి తెచ్చాడు మా మావ
ఒక గళ్ళ ఉన్ని కండువా.
కప్పుకోడానికి కాదు.
మెడకి గుచ్చుకుంటోందని ఆ రాత్రే తీసి పక్కన పడేశాడు.
లెక్కపెట్టడానికి.

పొందూరులో కరెంటు లేని మధ్యాహ్నం
గుంటమగ్గంలో కాళ్ళు వేలాడేసుకుని
వాచీల కొట్టువాడి భూతద్దం కంటికి నొక్కి
పోగు పోగూ చదివాడు.
"రాసుకో గున్నీ.
ఆకుపచ్చ ఇరవైనాలుగు. నలుపు నాలుగు.
నీలం పన్నెండు. మల్లీ నలుపు నాలుగు.
ఎరుపు ఆరు."
కరెంటు బిల్లు వెనక రాశాను.
"ఎరుపుకాడ ఆగిపోనాడు సూడు.
ఆగి, వొచ్చిన దారినే ఎనక్కెల్లిపోనాడు."

ఎప్పుడూ చూడని ఆ నేతగాణ్ణి
ఎదురింటివాణ్ణి అన్నట్టే అంటాడు మావ.
పడుగులో ఏ లెక్కో పేకలోనూ అదే లెక్క.
మన పోగు ఒకటి ఎక్కి ఒకటి దిగుతుంది,
ఇది రెండెక్కి రెండు దిగుతూ
మెట్ల మీద ఏటవాలుగా నడిచిపోయింది.
ఎరుపుని ఆకుపచ్చ దాటిన చోట
ఏ తొట్లోనూ ముంచని రంగు ఒకటుంది,
వాడిన మామిడి చిగురు లాంటిది.
దాని మీద వేలు ఆనించి చాలాసేపు ఉండిపోయాడు.

పోస్టాఫీసు సత్తిబాబు చెప్పాడు:
అది స్కాట్లాండు గుడ్డ.
అక్కడ ఇంటిపేరుకో గళ్ళ వరస ఉంటుందట,
ఇంటిపేరుని ఒంటికి కట్టుకుంటారట.
మావ పడీ పడీ నవ్వాడు.
"జనపాలోలికేటున్నాయిరా గళ్ళు?
తెలుపు ఇరవైనాలుగు, తెలుపు నాలుగు,
తెలుపు ఆరు!"
నవ్వుతూ నవ్వుతూ ఆగాడు,
ఎరుపు దగ్గర ఆగినట్టు.

పోగు ముట్టుకుంటే
వడికిన చెయ్యి ఎవరిదో చెప్పగలడు మావ.
అసిరమ్మ నూలుకి పురి ఎక్కువ, ఆమె మాటలాగే.
తిరుపతమ్మది మెత్తన. అక్కడక్కడ లావవుతుంది,
మనవడు ఏడ్చి కదురు ఆపిన చోటల్లా.
సూరీడమ్మది చూడ్డానికి బాగుంటుంది, గంజి తాగదు.
గౌరమ్మది అన్నిటికన్నా సన్నం.
వాలుగ చేప దవడతో ఆమె పత్తిని దువ్వినంత ఓపిగ్గా
నా పిల్లల తల నేనెప్పుడూ దువ్వలేదు.
గౌరమ్మ కార్తీకంలో పోయింది.
ఆమె నూలు ఒక్క చిలప మిగిలింది మా దూలానికి.

అసిరమ్మ ఇరవైనాలుగు. సూరీడమ్మ నాలుగు.
తిరుపతమ్మ పన్నెండు. సూరీడమ్మ నాలుగు.
గౌరమ్మ ఆరు.
ఆగి, వచ్చిన దారినే వెనక్కి.
కండెలు కలిసిపోకుండా
గోడ మీద సుద్దముక్కతో పేర్లు రాసి
ఒక్కో పేరు కింద ఒక్కో బుట్ట పెట్టాను.
నెలా పదకొండు రోజులు.
మగ్గం దిగిన గుడ్డ తెల్లగా ఉంది.
అంతే, తెల్లగా ఉంది.
"దీనికేనా ఇంత?" అనేశాను కూడా.

డిపోలో పరీక్షించే ఆయన
ట్యూబులైటుకి ఎత్తి చూసి మొహం చిట్లించాడు.
"నూలు సమంగా లేదు. గళ్ళు గళ్ళుగా లోపం."
రెండో రకం అని ముద్ర గుద్ది
మీటరుకి నలభై కోశాడు.
మావ ఒక్క మాట వాదించలేదు.
దారంతా నా వెనకే నడుస్తూ
"గల్లు కనపడ్డాయి కదే ఆడికి" అన్నాడు,
మూడుసార్లు.

అమ్మకుండా ఉంచిన రెండు గజాల ముక్క
ఉతికి దండెం మీద వేశాను.
అసిరమ్మ పాల చెంబుతో పోతూ ఆగింది.
గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి
"ఇది నాది" అంది, నేనేదో దొంగిలించినట్టు.
తిరుపతమ్మ వచ్చి తన లావు పోగుల్ని చూసుకుని
సిగ్గుపడి కొంగుతో కప్పబోయింది.

అంచు పక్కన చివరి గడిలో మాత్రం
పొడుగునా సన్నటి వెలుతురు చార.
అవతలి గోడ కనిపిస్తోంది అందులోంచి.
మావని అడిగాను.
"చిలప సరిపోనేదు. నాలుగే వొచ్చినాయి."
మరి మిగతా రెండూ?
"ఏటి నెయ్యమంటావు అక్కడ?
పన్నెలో రెండు పల్లు కాలీగా ఒగ్గీసినాను."

ఉన్ని కండువా
నిన్న ఈనిన మేక మీద ఉంది.
దానికి గుచ్చుకోదు.