మస్టరు బుక్కు

ఈ పాలిషు ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏండ్లుగా
పేర్లు రాసేది నేనే.
పాత బుక్కు విదిలిస్తే ఇప్పటికీ నాపరాతి దుమ్ము రాల్తుంది.
మద్దిలేటి, సుంకన్న, బాలహుస్సేని,
పెద్ద దస్తగిరి, చిన్న దస్తగిరి.
అంతా బేతంచెర్లోళ్ళే.
తలెత్తి చూసే పనే ఉండేది కాదు,
దగ్గును బట్టి హాజరు వేసేటోణ్ణి.

ఈ నెల బుక్కులో
సోమ్రా, మంగ్రా, బుధువా, సుక్రా, ఎత్వా.
జార్ఖండ్ నుంచి, రెండు రాత్రుల రైలు.
పుట్టిన వారమే పేరంట వాళ్ళకు.
ఎత్వా అంటే ఆదివారం, మా అవ్వ ఆదెమ్మ లాగన్నమాట.
పొద్దున్నే వారమంతా లైన్లో నిలబడి
నాకు హాజరు పలుకుతుంది.
ఆదివారం కూడా ఎత్వా పనికొస్తాడు, ఓటీ కోసం.

"మన కూడు వాళ్ళు తింటాండారప్పా"
టీ బంకు కాడ సుంకన్న సణుగుడు.
పెన్ను మూత తీసి అడిగినా:
"సరే, రేపట్నుంచి ఎవర్ని రాయమంటావు? నీ మనవణ్ణా?"
మనవడు బెంగుళూరులో సంచి వీపునేసుకొని
అన్నం పొట్లాలు పంచుతాండాడు.
సుంకన్న టీ ఊదుకున్నాడు,
అది చల్లారి చానాసేపైనా.

ఉరుకుందమ్మ రెండు రేకుల గదులు ఆరుగురికి ఇచ్చింది.
ఆ బాడుగలోనే ఆమె బీపీ మాత్రలు, కరెంటు బిల్లు,
మోకాలికి రుద్దుకునే నూనె.
డెబ్బయ్యో ఏట హిందీ నేర్చింది:
"పానీ కల్", "కిరాయా ఆజ్".
శెట్టి అంగట్లో శనగనూనె పక్కన
ఆవనూనె డబ్బా చేరింది.

పోయిన ఏడు వాళ్ళ పండగకని
ఇరవై రోజులు వారమంతా ఊరికి పోయింది.
కట్టర్ల మోత ఆగితే
ఊరికి నిద్ర పట్టలేదు.
ఉగ్గాని గిన్నెలోనే మిగిలింది, ఆటోలు నీడకు చేరినాయి,
లోడు కాని లారీ కింద డ్రైవరు మూడు నిద్రలు చేసినాడు.
ఓనరు కబురంపితే పెద్ద దస్తగిరి వచ్చినాడు,
అరవై తొమ్మిదేండ్లు.
పలక ఒక కొస ఎత్తినాడు.
రెండో కొస ఎత్తేవాడి కోసం
చానాసేపు అట్లే వంగి చూసినాడు.

ఒకటో తారీఖు పింఛను.
దస్తగిరి బొటనవేలు మిషను పట్టదు.
తుడిచి పెట్టు, తడిపి పెట్టు, ఇంకో వేలు పెట్టు.
గీతలన్నీ ఎప్పుడో రాయి మీద మెరుపైపోయినాయి,
ఏ ఊర్లో ఎవరి వసారాలోనో ఉంటాయి.

నిన్న బుధువా సిమ్ము కార్డుకని పోయి
ఉత్త చేతుల్తో వచ్చినాడు.
"మిషన్ ఖరాబ్ హై సాబ్" అన్నాడు.
వేలు చూపించమన్నా.
ఇరవై ఆరేండ్ల వేలు,
నాలుగో నంబరు పాలిషు.

బుక్కు తెరిచి
పేరు పక్కన హాజరు వేసినా.
వీడు ముసలోడైనాక
ఏ ఊరి మిషను ముందు నిలబడతాడో
రాసేదానికి ఇందులో గడి లేదు.