ఒత్తు

రేణిగుంట రోడ్డులో
టైర్ల షాపుకీ టిఫిన్ సెంటరుకీ నడుమ మా బోర్డు:
పరంజ్యోతి మెరైన్ సర్వీసెస్.
టీ తాగేవాళ్లు తలెత్తి చదివి నవ్వుకుంటారు,
"తిరప్తిలో సముద్రం యాడుందబ్బా?"
నేనూ నవ్వతా.

మాది దామలచెరువు పక్కన పల్లె.
మా నాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని
చేన్లంతా తిరిగి బోరుకు పాయింటు చూపించేవాడు.
వెయ్యడుగులకు దుమ్ము,
ఇంకో రెండొందలకు అప్పు.
నాకు ఈత రాదు.
ఈత వచ్చినోడి ఊపిరి పట్టుకోని నిలబడేదే నా పని.

ఎద్దులకోన డ్యాం మీద పొద్దున ఏడు.
కంప్రెసరు దగ్గి దగ్గి అందుకుంది.
హెల్మెట్‌లోకి తల దూర్చే ముందు
ఏకాంబరం అన్న బీడీ ఆర్పి
మిగిలిన సగం నా చెవి మీద పెట్టాడు, వచ్చినాక ఇమ్మని.
దుగరాజపట్నం మనిషి. ఉప్పునీళ్లలో పుట్టినోడు.
మంచినీళ్లంటే నమ్మకం లేదు:
"ఇది తేల్చదురా, మింగేదే."

పసుపు గొట్టం నా వేళ్ల సందున జారిపోతా ఉంది.
ఒక లాగు: బాగుండావా?
ఒక లాగు: బాగుండా.
పద్నాలుగు మీటర్ల కాడ ఆగింది.

ఫోన్లో గొంతు, గాబులోంచి పిలిచినట్టు:
"ఏం కనపడ్లా. నా చెయ్యే నాకు కనపడ్లా.
గోడ తడుముతా ఉండా. పాచి. పాచి.
తూము పక్కన... ఉండు."
ఇనప బ్రష్షు గీకుడు.
"రాత ఉండాదిరా. పచ్చి సిమెంటు మీద మేకుతో గీసినారు."
ఏం రాత అన్నా?
"నేను చదివింది రెండో తరగతి.
ఆకారం చెప్తా, నువ్వు కూడుకో.

చుట్ట తిరిగింది. నెత్తిన టిక్కు. పొట్ట కింద నిలువు గీత.
రెండోది, వంకీ. దీనికీ టిక్కు.
మూడోది పెద్దది, కొమ్ముంది,
దాని పిల్ల దాని కిందే యాలాడతా ఉంది."

లాగ్ షీటు వెనక బాల్‌పెన్నుతో కూడుకున్నా.
ధనమ్మ, అన్నా.

కాసేపు బుడగలే మాట్లాడినాయి.
"తట్ట మోసిన మనిషై ఉంటాది," అన్నాడు.

గొడుగు కింద ఏఈ సారు:
"పేర్లు ఎందుకయ్యా, బీటలు చెప్పమను."

"రేయ్.
ఆ నిలువు గీత ఉందే,
మిగతా గీతలకి అంచు అరిగి నున్నగుంది,
దీనికి పదునుగుంది.
గోరు దూరతాంది.
నీళ్లు లోపలికి లాగతాంది."

పైన వెంట్రుక మందం. కిందికి పోను మూడు మిల్లీమీటర్లు.
పొడవు నాలుగడుగులు.
మొదలు, అక్షరం పొట్ట కింద.

అంటే ఆ మేకు పట్టిన చెయ్యి
దనమ్మ అనే రాసింది,
ఊళ్లో పిలిచినట్టే, ఒత్తు లేకుండా.
ఎన్నేళ్లు పట్టిందో,
అంత నీళ్లూ గోడకు ఆనుకుని ఆనుకుని
తప్పు దిద్దినాయి.

వచ్చే వారం మందు నింపితే
మళ్లీ దనమ్మే.

అన్న పైకొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు.
వేళ్లు నానిపోయి ముడతలు, గోళ్ల కింద పాచి.
నా చెవి మీది బీడీ చెమటకు తడిసి అంటుకోలేదు.
నాలుగు అగ్గిపుల్లలు దండగ.
"మందు బీట వరకే పూస్తా," అన్నాడు ఎవర్నీ చూడకుండా.
"పేరు మీద పడనీను."
అంత చీకట్లో ఎట్టన్నా అంటే
ఐదో పుల్ల గీసినాడు.

రిపోర్టులో గళ్లు: లోతు, పొడవు, వెడల్పు, ఫోటో.
ఫోటో గడిలో "బురద" అని రాసినా.
బీట ఎక్కడుందో రాసే గడిలో:
తూముకు ఎడమ పక్క ఆరడుగులు,
దనమ్మకు కింద.

ఏఈ సారు కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు.
"దనమ్మ ఏందయ్యా?"
గుర్తు సార్, అన్నా.
సరేలే అని సంతకం పెట్టి
గొడుగు ముడిచి జీపెక్కినాడు.