మూసిన వైపు ముందుకి

సుంకి చెక్ గేటు దాటితే ఘాటీ.
అక్కణ్ణుంచి సాలూరు దాకా
సైకిలుకి కాళ్ళక్కర్లేదు,
చేతులుంటే చాలు.

ఆ చేతులు నేను బిగిస్తాను.
నా కొట్టు మీద పేరు ఒడియాలో ఉంది,
గోడ మీద బాకీలు తెలుగులో.

ఈ పొద్దు మినతి వచ్చింది,
సునాబేడలో ఎవరో బదిలీ మీద పోతూ
అమ్మేసిన రేసు సైకిలుతో.
వేలెడు లావు లేని టైర్లు,
పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు,
బ్రేకులు మాత్రం విప్పేసి సంచిలో.
"తవుడు మావా, ఎల్లుండి దిగాల."
"తొందరయితే ఇక్కడ పనవదు గుంటా" అన్నాను.
విసుగుతో కాదు.

ఫోర్కు నెత్తిన కన్నంలో బోల్టు దూర్చు.
వెనక నట్టు సగమే బిగించు,
కాసేపు ఊగనీ.
రిమ్ము అంచుని తుడువు,
నూనె గుడ్డతో కాదే తల్లీ, ఉతికిన గుడ్డతో.
నూనె గొలుసుకి తిండి, రిమ్ముకి విషం.

రబ్బరు రిమ్మునే ముట్టాలి.
పైకి పోతే టైరుని కోస్తుంది,
కిందికి జారితే చువ్వల్లో పడుతుంది.
ముందు కొస ముందు తాకాలి,
వెనక కొస వెంట్రుకంత ఆలస్యంగా.
అందుకే వెనక వైపు
బస్సు టిక్కెట్టు మడిచి పెడతాను,
బిగించాక లాగేస్తాను.
లేకపోతే ఘాటీ పొడుగునా
సంతలో తప్పిపోయిన పంది పిల్లలా
కీచుమంటూనే ఉంటుంది.

ఇప్పుడు వైరు.
పటకారుకి ఒక చెయ్యి, రబ్బర్లు నొక్కడానికి ఒక చెయ్యి,
నట్టు తిప్పడానికి మూడోది కావాలి.
ఇన్నాళ్ళూ నా మూడో చెయ్యి
పాత ట్యూబు ముక్క.
ఇవాళ మినతి వేళ్ళు.

వెనక బ్రేకు తనే ఎక్కిస్తానంది.
సరే అన్నాను.
ఇనప బూటులో రబ్బరు తోసి
తెరిచిన వైపు ముందుకి పెట్టింది.

ఇరవయ్యేళ్ళ కిందట,
ముసురు పట్టిన సంత రోజు,
అల్లం మూటల దాశరథి బిసోయి సైకిలుకి
బూట్లు నేనే ఎక్కించాను,
చీకట్లో,
నా వేళ్ళకి తెలుసులే అనుకుని.
మూడో మలుపులో అతను బ్రేకు పట్టాడు.
చక్రం ఎటు పోతే రబ్బరూ అటే పోతుంది,
ఎదర గోడ లేకపోతే.
రబ్బరు ఊడి రోడ్డు మీద,
అల్లం లోయలో,
బిసోయి ఒక పక్క,
అతని మోకాలు ఇంకో పక్క.

అడిగినోళ్ళందరికీ 'వాన' అని చెప్పాడు.
నాకు ఏటీ చెప్పలేదు.
ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం కుంటుకుంటూ వస్తాడు,
ఒక బీడీ, ఒక చెంబుడు నీళ్ళు.
బ్రేకులు మాత్రం తనే చూసుకుంటాడు,
నా కొట్లోనే, నా ఎదరే,
నా స్పానరు అడిగి.
నేనిస్తాను.

"తిప్పి పెట్టమ్మా."
"ఎందుకు?"
"మూసిన వైపు ముందుకి."
అంతే చెప్పాను.

ఇంకా చాలా చెప్పాను తర్వాత, అడక్కుండానే.
దిగేటప్పుడు లివరు పట్టుకునే ఉండకు,
రిమ్ము కాలి ట్యూబు పేలుతుంది.
పట్టు, వదులు, పట్టు.
వానలో మొదటి చుట్టు నీళ్ళు తుడవడానికే పోతుంది,
రెండోదే నీది.
వారానికోసారి సూది పెట్టి
రబ్బరులో దిగిన రజను తియ్యి.
రబ్బరు మీద గీతలు అరిగిపోతే
ఏ పనున్నా మానుకుని రా.
వైరు కొసకి టోపీ పెట్టు.
టోపీ లేని వైరు ఏం చేస్తుందో
ఇదిగో, నా బొటనవేలు.

మినతి చక్రం ఎత్తి తిప్పింది.
ఎక్కడా రాపిడి లేదు.
రబ్బరుకీ రిమ్ముకీ మధ్య
రూపాయి బిళ్ళ పట్టేంత సందు,
అందులోంచి
వణుకుతూ ఘాటీ ఎండ.

తను వెళ్ళాక
కింద పడ్డ టిక్కెట్టు తీసి
మడత విప్పి జేబులో పెట్టుకున్నాను.
సుంకి నుంచి సాలూరు, ఒకరికి.
నేను బస్సులోనే దిగుతాను.