లెక్కలోకి రాని పన్ను

హార్లిక్స్ సీసాలో నూట తొంభై మూడు పళ్ళు.
గాజువాక నుంచి, అనకాపల్లి నుంచి,
పూర్ణా మార్కెట్ వెనక ఒకే కుర్చీ ఉన్న క్లినిక్ నుంచి
ఫార్మలిన్‌లో మునిగి వచ్చినవి.
పై దవడ, మొదటి పెద్ద దంతం మాత్రమే.
ఎవరివో తెలీదు. అడగకూడదు కూడా.

ఒక్కోదాన్నీ తెరిచి, సిరా ఎక్కించి
మూడు రోజులు యాసిడ్‌లో నానబెడతాను.
బతుకంతా చెరుకు చీల్చిన పన్ను
రబ్బరు ముక్కలా వంగుతుంది, గుండుసూది దిగుతుంది.
తర్వాత ఆల్కహాలు. చివరికి వింటర్‌గ్రీన్ నూనె.
ల్యాబంతా నొప్పుల బామ్ వాసన,
ఇక నొప్పే లేని వాటికి
తీరిగ్గా రాస్తున్నట్టు.
నూనెలో పన్ను మాయమవుతుంది.
లోపలి దారులు మిగులుతాయి.

ఈ ఊరి గెడ్డల్లాంటివే అవి.
మ్యాపులో మూడు గీతలుంటాయి.
సిమెంటు పలకల కింద, బళ్ళు నిలిపే చోట కింద
పేరు లేనిది ఇంకోటి పారుతూనే ఉంటుంది.
తుపాను రాత్రి రోడ్డు మధ్య మూత ఎత్తి
తనూ ఉన్నానంటుంది.

పుస్తకం మూడే అంది.
ఏ చలిదేశపు దవడ చూసి రాశారో.
నా నోట్‌బుక్‌లో నాలుగో కాలువ గడి
సగానికి పైగా టిక్కులతో నిండింది.
నిండేనాటికి
వాసుపల్లి కాసులమ్మ వచ్చి వెళ్ళిపోయింది.

జాలరిపేట. ఎండుచేపల గంప.
గంపకి కట్టిన నైలాన్ తాడు పంటితోనే తెంపే మనిషి.
మూడుసార్లు నా కుర్చీలో నోరు తెరిచింది.
మూడు కాలువలూ గీకాను, కడిగాను,
గులాబీరంగు గట్టాపెర్చాతో నింపాను.
ఎక్స్‌రేలో మూడు తెల్లగీతలు చూసి
మా సార్ సంతకం పెట్టారు.

"రేతిరి పోటెత్తతాందమ్మా" అంది.
పోటు. ఆమెకి ఒకటే మాట,
పంటిదైనా, సముద్రానిదైనా.
రెండు రోజుల్లో తగ్గుతుందన్నాను,
ఆటుకి నేను టైం చెప్పగలిగినట్టు.

దీపావళి వెళ్ళాక మళ్ళీ వచ్చింది.
కొంగు ముడి విప్పి బల్ల మీద పెట్టింది.
"పీకించేసినాను. రెండొందలు తీసుకున్నాడు.
నువ్వు పళ్ళు ఏరతన్నావంట గదా, ఇదుంచు."
కోపం కోసం ఆ మాటల్లో వెతికాను.
లేదు. బస్సొస్తాదని లేచింది.
మెట్ల మీద చేపల వాసన కాసేపు ఉంది.

వారం తర్వాత నూనెలోంచి తీసి చూశాను.
గులాబీ గీతలు మూడూ నున్నగా, బుద్ధిగా.
మొదటిదాని పక్కనే, వెంట్రుకంత నల్లగా,
రాయిని తప్పించుకున్న తెప్పలా ఒకచోట వంగి
వేరు కొసదాకా
ఒంటరిగా వెళ్ళింది నాలుగోది.
భూతద్దం అక్కర్లేకపోయింది.

"ముందే వైద్యం జరిగిన పళ్ళు మినహాయింపు."
ఆ వాక్యం నాదే, థీసిస్ రెండో పేజీలో.
అందుకే దానికి నంబరు లేదు, టిక్కు లేదు.
ఇంజెక్షను సీసాలో, కిటికీ గట్టు మీద ఉంది.
పొద్దున్న యారాడ కొండవైపు వెలుగు తిరిగినప్పుడు
కాసేపు
సిరా ఒక్కటే కనిపిస్తుంది.

ఇవాళ కుర్చీలో పోర్టు క్రేన్ నడిపే ఆయన.
అదే పన్ను. మూడు దొరికాయి.
హైపోక్లోరైట్ చుక్క వేసి కదలకుండా చూస్తున్నాను.
తెల్లటి గాడిలోంచి
ఒకే ఒక్క బుడగ.
ఊదారంగు పిడి పదో నంబరు ఫైలు
దిగలేదు. పట్టుకుంది. అంతే చాలు.

గంటన్నర అయింది. రబ్బరు తెర వెనకనుంచి
ఎంతసేపని చేత్తో అడుగుతున్నాడు.
ఉండండి.
ఇంకోటుంది.