గింజలో సగం

గుణుపురంలో సంతరోజు.
కొట్టు చెక్క మీద పాత ఒడియా పేపరు పరిచి
మూడూ పక్కపక్కన పెట్టాను.
లకియా గొమాంగో కొండ దిగి తెచ్చిన సెట్టు
పొట్ట విప్పుకుని ఎదురుగా ఉంది.
దాని గాంగు రేకులు వంగిపోయాయి.
మేక తొక్కిందట.

మొదటిది ప్లాస్టిక్ గాంగు, అగ్గిపెట్టెలో సగం.
రేకుకీ రేకుకీ మధ్య పల్చటి పొర. చవక.
రెండు వానాకాలాలు పోనీ,
తిప్పినప్పుడల్లా ఎండుటాకులు తొక్కిన చప్పుడు.

రెండోది వరాక్టర్ డయోడు.
మేనల్లుడు కూర్మారావు బరంపురం నించి పంపాడు,
"ఇంకా రేకులేటి మావా, ఇందులో కదిలేదే లేదు" అని.
నిజమే. మినపగింజంత.
వోల్టేజిని ఎదురు నెట్టేకొద్దీ కెపాసిటీ తగ్గుతుంది.
కరెంటున్న ఇంట్లో రాజే.
కొండ మీద సెల్లు నెలాఖరుకి నీరసిస్తుంది,
దాంతోపాటే స్టేషనూ జారుతుంది,
వార్తలు చదివే మనిషి
వాక్యం మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టు.

మూడోది
మూలపడ్డ వాల్వు సెట్టులోంచి నేనే ఊడదీసి దాచింది.
అల్యూమినియం రేకులు, ఇత్తడి ఇరుసు,
మధ్యలో గాలి తప్ప ఏమీ లేదు.
బరువు. జాగా తింటుంది. చెమ్మ తగిలితే అలుగుతుంది.
అయినా తప్పెక్కడుందో కంటికి కనబడుతుంది,
కోడి ఈకతో తుడుచుకోవచ్చు.
దీనికోసం సెట్టు వెనక డొక్క కోసి
చెక్కపెట్టె అతికించాను.

ఒకదాన్లో ఒకటి దూరి తిరుగుతూ
ఏ రేకూ ఎదుటి రేకుని తాకకూడదు.
తాకితే సెట్టు మూగ.
"మన సరిహద్దులాగే కదా పారినాయుడూ"
అన్నారు టీ తాగుతూ సుకాంతి టీచరమ్మ.
నాకలాటి మాటలు రావు.
మా వీధిలో పొద్దస్తమానం రాసుకు తిరుగుతాం,
ఎవరం మూగపోయాం?

టంకం పొగ కంట్లో పడింది. తిప్పాను.
రేకులు కాస్త లోపలికి:
తొమ్మిది ఇరవై ఏడు, విశాఖపట్నం.
కాస్త బయటికి:
తొమ్మిది డెబ్బై రెండు, కటకం.
అంకెలు తారుమారైతే భాషే మారిపోయింది.
ముల్లు నడిచింది బియ్యపు గింజలో సగం.

లకియా రెండూ విన్నాడు, తలూపాడు.
మధ్యలో గరగరమనే చోట నా చెయ్యి పట్టి ఆపాడు.
"ఇక్కడెవరు?"
"ఎవరూ లేరు."
చెవి ఆనించి కాసేపు విన్నాడు.

డబ్బు సగం, మిగతాకి చింతపండు.
డయోడు పొడుం డబ్బాలో వేశాను,
కూర్మారావుకి ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.
అతను మాత్రం ముల్లు కదపకుండా
సెట్టు గుడ్డలో చుట్టుకుని
కొండదారి పట్టాడు.